ఆఫీసులో మ్యాట్నీ నిద్ర

ముందుగా ఒక ప్రశ్న. సిగ్గుపడకుండా జవాబు చెప్పండి. డబ్బులిచ్చి టికెట్టు కొనుక్కుని, మ్యాట్నీకి వెళ్ళి, చల్లటి ఏసీ హాల్లో కూర్చుని, హీరోగారు తెరమీద కొచ్చిన పది నిమిషాలకే కునుకు తీసిన అనుభవం మీకుందా? ఇంటర్వెల్ లైట్లు వెలగ్గానే ఉలిక్కిపడి లేచి, పక్కసీటు మనిషిని "విలన్ చచ్చాడాండీ?" అని అడిగారా?

నేనడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "వాడింకా రానే లేదు" అన్నాడు.

అదే సినిమాని అదే హాల్లో ఫస్ట్‌షోకి చూడండి. కన్నార్పకుండా చూస్తారు. సినిమా మారలేదు, హాలు మారలేదు. మారిందల్లా గడియారంలో ముల్లు! ఈ వారం మన కబుర్లన్నీ ఆ ముల్లు గురించే.

సినిమా పత్రికలో నిద్ర గోలేమిటంటారా? రాజమండ్రి నుంచి ఒక సోదరి ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది గనక వేయడం లేదు. సారాంశం ఇదీ:

"అన్నా! నాకు 26 ఏళ్ళు. ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పొద్దున 5 గంటలకి లేచి, వంట చేసి, క్యారేజీ కట్టుకుని, బస్సెక్కి 9.30 కల్లా సీట్లో ఉంటాను. ఒంటిగంట దాకా నా అంత చురుగ్గా మా ఆఫీసులో ఎవరూ ఉండరు. రెండున్నర అయ్యేసరికి కంప్యూటర్ మీద అంకెలు ఈదుతూ కనిపిస్తాయి. అన్నం తినగానే స్ట్రాంగ్‌గా టీ తాగుతున్నాను. అయినా లాభం లేదు. మా మేనేజరుగారు వెనకనుంచి వచ్చి, 'ఏమ్మా, మ్యాట్నీ మొదలైందా?' అంటారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇంటికెళ్ళాక మాత్రం ఏడుపొస్తుంది. ఈమధ్య మేడమెట్లు ఎక్కినా ఆయాసంగా ఉంటోంది. అన్నా, నేను నిజంగా సోమరిదాన్నా?"

ఈ ఉత్తరం చదివి నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ రెండున్నర గంట వేళ నా చేత ఒక మనిషిని చంపించింది.

కంగారు పడకండి. చెబుతాను.

* * *

పదేళ్ళ నాటి మాట. అప్పట్లో నాకు ఉద్యోగం ఉండేది. ఒక పత్రికలో సినిమా పేజీకి సబ్ ఎడిటర్ని. పత్రిక పేరెందుకు లెండి, తప్పు నాది. ముందురోజు రాత్రి సెకండ్‌షో చూశాను. ఇంటికొచ్చి సమీక్ష రాసి పడుకునేసరికి మూడైంది. పొద్దున ఏడింటికి లేచాను. మధ్యాహ్నం కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్న దొండకాయ వేపుడు, సాంబారు, పెరుగుతో కంఠందాకా అన్నం తిని, డెస్క్ దగ్గర కూలబడ్డాను.

ఆరోజు ఒక పాత చిత్రం గురించి ప్రత్యేక పేజీ. నటీనటుల ఫోటోలు, కింద పేర్లు. చాలామంది పోయినవాళ్ళే. అందరి పేర్లముందూ "స్వర్గీయ" అని చేర్చుకుంటూ వస్తున్నాను. టైము 2.45. నాలుగింటికి పేజీ వెళ్ళిపోవాలి. కళ్ళు మూతలు పడుతున్నాయి, వేళ్ళు మాత్రం పనిచేస్తున్నాయి. స్వర్గీయ... స్వర్గీయ... స్వర్గీయ...

మర్నాడు పొద్దున ఫోను. "బాబూ! నేను ఫలానా వాణ్ణి" అని ఒక పేరు చెప్పారు. తెలుగు తెరమీద తండ్రిగా, మునసబుగా, జడ్జీగా ఎన్నో వేషాలు వేసిన పెద్దమనిషి.

"నేను పోయానని మీ పత్రికలో వేశారు. నాకేమీ కోపం లేదు నాయనా, ఎప్పటికైనా వేయవలసిందే. కానీ తెనాలిలో మా చెల్లెలు అది చూసి హైదరాబాదు బస్సెక్కేసింది. దాని దగ్గర సెల్‌ఫోను లేదు. గుండెజబ్బు మనిషి. ఎలా చెప్పడం?"

నా కాళ్ళకింద నేల కదిలింది. స్కూటర్ మీద ఆయన ఇంటికి పరిగెత్తాను. ఇద్దరం కలిసి బస్టాండుకి వెళ్ళాం. ఎండలో రెండు గంటలు నిలబడ్డాం. ఆ వయసులో ఆయన ప్రతి బస్సు దగ్గరికీ వెళ్ళి, దిగేవాళ్ళకి మొహం కనబడేలా నిలబడేవారు. చివరికి ఆవిడ దిగింది. అన్నగారిని చూసింది. ఒక్క మాట మాట్లాడలేదు. రెండు చేతులతో ఆయన చెంపలు తడిమి చూసుకుంది, అంతే. తర్వాత అక్కడే ప్లాట్‌ఫారం మీద కూలబడిపోయింది.

నేను ఆ అన్నాచెల్లెళ్ళ కాళ్ళమీద పడ్డాను. ఆయన లేవనెత్తి, ఎదుటి కొట్లో టీ ఇప్పించి, "నిన్న రాత్రి ఎంతసేపు పడుకున్నావు?" అని అడిగారు. తిడతారనుకుంటే ఇదేం ప్రశ్న! నాలుగు గంటలన్నాను.

"మేం నాటకాల రోజుల్లో తెల్లవార్లూ పద్యాలు పాడేవాళ్ళం. తెల్లారాక మర్రిచెట్టు కింద చాపేసుకుని మధ్యాహ్నం దాకా పడుకునేవాళ్ళం. రాత్రి చేసిన బాకీ పగలు తీర్చేసేవాళ్ళమన్నమాట. మీరు బాకీ అలాగే ఉంచుకుని పగలు కూడా పనిచేస్తున్నారు. అప్పులవాడు ఎప్పుడొస్తాడూ? మధ్యాహ్నమే వస్తాడు!"

నిద్ర గురించి ఆ తర్వాత నేను చాలా చదివాను. ఆయన టీకొట్లో చెప్పిన ఆ మాటని దాటి ఎక్కడికీ పోలేదు.

* * *

సరే, అసలు విషయానికొద్దాం. మధ్యాహ్నం నిద్ర ఎందుకొస్తుంది?

అన్నం తిన్నందుకని అందరూ అంటారు. సగమే నిజం. మధ్యాహ్నం అన్నం మానేసి కూర్చున్నవాళ్ళకి కూడా ఒంటిగంటకీ నాలుగింటికీ మధ్య మగత వస్తుందని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. మన మెదడులో, కళ్ళనుంచి వచ్చే నరాలు రెండూ కలిసే చోటుకి కాస్త పైన, ఒక చిన్న గడియారం ఉంది. రాత్రీ పగలూ తేడా ఒంటికి చెప్పేది అదే. అసలు జీవుల ఒంట్లో ఈ గడియారాలు ఎలా తిరుగుతాయో పండ్లమీద వాలే బుల్లి ఈగల్లో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకి నోబెల్ బహుమతి ఇచ్చారు. జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్. ఈగల్ని తోలుకుంటూ కూర్చోక వాటిని చదివారు, నోబెల్ కొట్టారు!

మన సినిమా భాషలో చెప్పుకుందాం. మీ తలలో ఇద్దరు ఆపరేటర్లున్నారు. మొదటివాడు మీరు నిద్రలేచిన క్షణం నుంచీ ఒక బస్తాలో ఇసుక పోస్తూ ఉంటాడు. ఆ ఇసుక పేరు అడినోసిన్. మెదడు పనిచేసేకొద్దీ అది పోగవుతుంది. బస్తా బరువెక్కేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. రాత్రి పడుకుంటే బస్తా ఖాళీ. సరిగ్గా పడుకోలేదా, అడుగున నిన్నటి ఇసుక మిగిలిపోతుంది.

రెండోవాడు గడియారం ఆపరేటరు. "లే, లే" అని తట్టిలేపుతూ ఉండడం వాడి డ్యూటీ. పొద్దెక్కేకొద్దీ, అందులోనూ సాయంత్రం, వాడు మహా జోరు మీదుంటాడు. అందుకే ఫస్ట్‌షోకి మనకి నిద్ర రాదు. కానీ మధ్యాహ్నం పూట బస్తా సగం నిండినా వాడింకా జోరందుకోడు. ఆ సందులో మనం జోగుతాం.

కాబట్టి, చెల్లెమ్మా! ఆ వేళకి కాస్త మగత రావడం సోమరితనం కాదు. మీ మేనేజరుగారికీ వస్తుంది. ఆయనకి గది, ఆ గదికి తలుపు ఉన్నాయి. తేడా అంతే.

* * *

ఇక భోజనం సంగతి. మనవాళ్ళు ముందే కనిపెట్టి "భుక్తాయాసం" అని చక్కటి పేరు పెట్టారు. మెదడులోని రక్తమంతా పొట్టలోకి దిగిపోతుందని ఒక మాట ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. ఒళ్ళు ఎక్కడ తగ్గించినా మెదడు వాటా మాత్రం తగ్గనివ్వదు. అసలు చిక్కు మనం తినే తీరుతో వచ్చింది. పళ్ళెం నిండా తెల్లన్నం, మధ్యలో గుంట చేసి ఒక గరిటె పప్పు, అంచున ఒక చెంచాడు కూర. పిండిపదార్థం ఎక్కువై, రక్తంలో చక్కెర గబగబా ఎక్కి, తర్వాత గబగబా దిగుతుంది. దానికి తోడు పొట్ట బరువు.

1957 నాటి "మాయాబజార్"లో ఘటోత్కచుడి విందు గుర్తుందిగా? పెళ్ళివారి కోసం వండిపెట్టిన గంగాళాలన్నీ ఎస్వీ రంగారావుగారు ఒక్కరే ఖాళీ చేసేస్తారు. నవ్వుకుంటూ చూస్తాం. అయితే ఆయన రాక్షసుడు, ఆపైన మాయలు తెలిసినవాడు. తినేశాక మూడింటికి లెడ్జర్ రాయక్కర్లేదు! మనం మాత్రం అదే ఊపులో తిని కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాం.

అన్నం మానేయమని నేననడం లేదు. తెలుగువాణ్ణి, నా నోటెంట ఆ మాట రాదు. వాటాలు మార్చండి చాలు. అన్నం రెండు పిడికిళ్ళు తగ్గించి పప్పు, కూర, పెరుగు పెంచండి. గుడ్డు తినేవాళ్ళు గుడ్డు పెట్టుకోండి. తిన్న వెంటనే కుర్చీలో పడకుండా పది, పదిహేను నిమిషాలు నడవండి. ఎక్కిన చక్కెర కొంత అక్కడే ఖర్చవుతుంది. నడక ఎండపొడ కాస్త తగిలే చోటయితే మరీ మంచిది. వెలుగు కంట్లో పడితే మన గడియారం ఆపరేటరు ఒక్కసారి సర్దుకు కూర్చుంటాడు.

"లంచ్ టైమంతా సీట్లోనే తినేస్తానండీ, పని మిగిలిపోతుంది" అంటారా? 1936లో చార్లీ చాప్లిన్ "మోడరన్ టైమ్స్" తీశాడు. అందులో ఫ్యాక్టరీ యజమాని దగ్గరికి ఒక యంత్రాన్ని అమ్మకానికి తెస్తారు. కార్మికుడి నోట్లో తిండి పెట్టే యంత్రం. లంచ్ బ్రేక్ దండగ కాకుండా మిగిలిపోతుందని వాళ్ళ లెక్క. దాన్ని చార్లీ మీద ప్రయోగిస్తారు. మొక్కజొన్న కంకి గిర్రున తిరిగి మూతి పళ్ళు రాల్చినంత పని చేస్తుంది. కడుపు చెక్కలయ్యేలా నవ్వుతాం. ఒక చేత్తో మౌసు, ఇంకో చేత్తో ముద్ద పట్టుకున్న మనకి ఆ యంత్రంతో పనేముంది? మనమే ఆ యంత్రం!

* * *

టీ, కాఫీల గురించి చెప్పకపోతే హైదరాబాదులో నన్ను ఉండనివ్వరు.

ఇందాక ఇసుక అన్నానే, అడినోసిన్! దానికి మెదడులో రిజర్వుడు సీట్లున్నాయి. అవి నిండితే నిద్ర. కాఫీ, టీల్లోని కెఫీన్ టికెట్టు లేకుండా వచ్చి ఆ సీట్లలో కూర్చుంటుంది. అడినోసిన్ బయట లైన్లో నిలబడుతుంది. "నిద్ర ఎగిరిపోయింది గురూ!" అని మనం మురిసిపోతాం. ఎగిరిపోలేదండీ, బయట లైను పెరుగుతోంది! కెఫీన్ లేచి వెళ్ళగానే గేటు తోసుకుని అందరూ ఒక్కసారి లోపలికొస్తారు. ఆరింటికి ఇంటికి బయలుదేరేవేళ ఒళ్ళు తూలడానికి ఒక కారణం అదే.

ఇంకో సంగతి. తాగిన కెఫీన్‌లో సగం ఖర్చు కావడానికి సుమారు 5 గంటలు పడుతుంది. నాలుగున్నరకి తాగిన స్ట్రాంగ్ కాఫీ రాత్రి తొమ్మిదిన్నరకి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. దానివల్ల రాత్రి నిద్ర పలచబడుతుంది. మర్నాడు మధ్యాహ్నం మగత ఇంకా ఎక్కువవుతుంది. మళ్ళీ కాఫీ! ఇది అప్పు తీర్చడానికి అప్పు చేయడం లాంటిది. నా లెక్క ఏమిటంటే, రోజులో ఆఖరి టీ గానీ కాఫీ గానీ రెండింటికి ముందే ముగించడం. మొదటి వారం తలనొప్పి వచ్చింది. రెండోవారానికి రాత్రి నిద్ర చిక్కబడింది.

* * *

ఇప్పుడు కునుకు సంగతి. షూటింగులకి వెళ్ళినవాళ్ళకి తెలుసు. లంచ్ బ్రేక్‌లో లైట్‌బాయ్స్ పది ముద్దలు తిని, ఏ సెట్టు గోడ నీడలోనో తుండుగుడ్డ పరుచుకుని ఒక కునుకు తీస్తారు. "షాట్ రెడీ" అన్న కేక వినబడగానే లేచి, లైటు భుజానికెత్తుకుంటారు. వాళ్ళనెవరూ సోమరులనరు. నిచ్చెనెక్కి పనిచేసే మనుషులు మగతలో ఉంటే ప్రాణాలకే ముప్పని అందరికీ తెలుసు.

విమానాలు నడిపేవాళ్ళ మీద కూడా ఇదే పరీక్ష జరిగింది. పసిఫిక్ మహాసముద్రం మీద దూరప్రయాణాలు చేసే పైలట్లకి, మిగతావాళ్ళు విమానం చూసుకుంటూ ఉండగా, వంతులవారీగా 40 నిమిషాలు విశ్రాంతి ఇచ్చి చూశారు నాసావాళ్ళు. సగటున 26 నిమిషాల చొప్పున నిద్రపోయారు. అలా కునుకు తీసినవాళ్ళు తియ్యనివాళ్ళకంటే విమానం దింపేవేళ చురుగ్గా ఉన్నారని 1994లో నివేదిక రాశారు.

మన ఆయుర్వేదం పగటినిద్ర వద్దంటుంది కదా అంటారేమో. అంటుంది. కానీ వేసవికి మినహాయింపు ఇచ్చింది, రాత్రులు చిన్నవి గనక. అంటే రాత్రి తక్కువైనదాన్ని పగలు పూడ్చుకోవచ్చని పెద్దలూ ఒప్పుకున్నారన్నమాట!

కిటుకు ఒక్కటే. కునుకు కోడినిద్రలా ఉండాలి. పది నుంచి ఇరవై నిమిషాలు, అంతే. అరగంట దాటితే నిద్ర లోతుకి దిగుతుంది. అక్కణ్ణించి లేపితే, ఎవరు మీరు, ఇదే ఊరు అన్నట్టుంటుంది పరిస్థితి. మూడు దాటాక తీయకండి, రాత్రి నిద్ర చెడుతుంది. అలారం పెట్టుకోండి. ఇంకో చిన్న చిట్కా. అర కప్పు కాఫీ తాగి వెంటనే కళ్ళు మూసుకోండి. కెఫీన్ పూర్తిగా పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది గనక మీరు లేచేసరికి రెండూ కలిసొస్తాయి. రెండింటిలోపు మాత్రమే సుమా!

ఆఫీసులో ఎక్కడ పడుకోవాలంటారా? పడుకోనక్కర్లేదు. టేబుల్ మీద చేతులు మడిచి తల ఆన్చుకుంటే చాలు. స్కూల్లో చేసేవాళ్ళంగా! లంచ్ టైము మీది. అందులో చివరి పదిహేను నిమిషాలు ఎలా వాడుకుంటారో మీ ఇష్టం. ఎవరైనా నవ్వితే లైట్‌బాయ్స్ కథ చెప్పండి.

పనుల్ని కూడా వేళ చూసి సర్దుకోండి. అంకెలు సరిచూసేవి, పేర్లు, తేదీలు, డబ్బు లెక్కలు పొద్దున పదకొండు లోపు. ఫోన్లు చేయడం, కాగితాలు సర్దడం, పక్క సెక్షన్‌కి వెళ్ళిరావడం లాంటి కాలూచెయ్యీ ఆడే పనులు రెండుకీ మూడున్నరకీ మధ్య. మధ్యాహ్నం చేసిన ముఖ్యమైన పనిని పంపేముందు ఇంకొక కంటితో చూపించండి. ఆరోజు నా పేజీని ఇంకొకరు చూసి ఉంటే తెనాలి బస్సు కథ ఉండేది కాదు.

ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం లేదు. కళ్ళు మూతలు పడుతుంటే బండి నడపకండి. గాలి తగిలితే మెలకువ వస్తుందనుకోవడం వట్టి భ్రమ. రెండు సెకన్ల కునుకు చాలు, లారీకింద పడడానికి. బండి పక్కకి ఆపి, పావుగంట ఆగి, ఆ తర్వాతే బయలుదేరండి. ఇంట్లో మీకోసం ఎదురుచూసేవాళ్ళకి పావుగంట లెక్కలోది కాదు.

* * *

ఇన్ని చెప్పినా ఇవన్నీ పైపూతలే. అసలు వైద్యం రాత్రిలో ఉంది.

పెద్దవాళ్ళకి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులంటారు. మీరు, నేను ఎంత పడుకుంటున్నాం? సెకండ్‌షో విడిచిపెట్టేసరికి అర్ధరాత్రి దాటుతుంది. సినిమాకి వెళ్ళనిరోజు సెల్‌ఫోన్‌లో వెబ్‌సిరీస్. ఒక భాగం అయిపోగానే రెండోది దానంతటదే మొదలవుతుంది. పాత థియేటర్లో కనీసం "శుభం" కార్డు పడేది, గేట్‌కీపర్ తలుపులు తెరిచేవాడు. ఫోనులో శుభం కార్డు లేదు! మనమే వేసుకోవాలి.

మన ఆడవాళ్ళు పాడుకునే "ఊర్మిళాదేవి నిద్ర" విన్నారా? అడవిలో లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు కన్ను మూయకుండా కాపలా కాస్తే, ఇక్కడ ఊర్మిళ పద్నాలుగేళ్ళూ పడుకునే ఉంది. ఆయన నిద్ర కూడా ఆవిడే పోయిందంటారు. లక్ష్మణుడంతటివాడి నిద్రని కూడా ఎవరో ఒకరు తీర్చవలసి వచ్చిందని చెప్పింది ఆ కథ కట్టిన తల్లి. మన బదులు పడుకునే ఊర్మిళ ఎవరూ లేరు. మన బాకీ మనమే తీర్చాలి.

నేను సినిమాలు మానేయమంటే నా పొట్టమీద నేనే కొట్టుకున్నట్టు. సెకండ్‌షోని శనివారానికి పెట్టుకోండి. మిగతా రోజుల్లో ఫస్ట్‌షో. రాత్రి పదిన్నరకి ఫోనుకి శుభం కార్డు. ఇంతకంటే నేనేమీ అడగను.

* * *

ఇప్పుడు మళ్ళీ నీ దగ్గరికొస్తున్నాను, చెల్లెమ్మా.

నీ ఉత్తరంలో అందరూ నవ్వే భాగం కాక, నువ్వు చివర్న ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మాట నన్ను పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం. అది గడియారం వల్ల వచ్చేది కాదు. నేను డిగ్రీ చదివినవాణ్ణే గానీ డాక్టర్ని కాను. కానీ మా అక్కయ్యకి ఇలాగే జరిగింది. రెండేళ్ళపాటు ఇంట్లో మేమందరం "నిద్రమొహం" అని వెక్కిరించాం. అందులో నేనూ ఉన్నాను. చివరికి ఒకరోజు ఆఫీసు మెట్లమీద కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7. ఆడవాళ్ళకి 12 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నూటికి 57! ఇంతమంది ఒంట్లో రక్తం లేక తూలుతుంటే, మనం "మ్యాట్నీ మొదలైందా" అని జోకులేసుకుంటున్నాం.

వెంటనే ఒక రక్తపరీక్ష చేయించుకో. పెద్ద ఖర్చేమీ కాదు. ప్రభుత్వాసుపత్రిలోనూ చేస్తారు. థైరాయిడ్, షుగర్ కూడా చూడమను. ఐరన్ మాత్రలు డాక్టర్ చెబితేనే వేసుకో. ఇంకొకటి. అన్నం తినగానే స్ట్రాంగ్ టీ అన్నావు. టీ వెంటనే తాగితే, తిన్న తోటకూరలోని, పప్పులోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. కనీసం ఒక గంట ఆగు. అన్నంలో నిమ్మకాయ పిండుకో, ఇనుము బాగా పడుతుంది. నిద్ర పోవడానికని నువ్వు తాగుతున్న టీయే నీ నిద్రని పెంచుతూ ఉండవచ్చు.

మగమహారాజులూ! మీకు కూడా ఒక మాట. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా పగలు తూగుతున్నారా? పెద్దగా గురక పెడతారని, మధ్యమధ్య ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరై లేస్తారని ఇంట్లోవాళ్ళు చెబుతున్నారా? నవ్వి ఊరుకోకండి. అది నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు కావచ్చు. వైద్యం ఉంది. కొన్ని జలుబు, ఎలర్జీ మాత్రలు కూడా మగత తెస్తాయి. రాత్రి బాగా పడుకున్నా రెండు మూడు వారాలు వదలని అలసట ఉంటే డాక్టర్ని కలవాల్సిందే.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు, చెల్లెమ్మా: కాదు. ఐదింటికి లేచి, ఇంటెడు చాకిరీ చేసి, పన్నెండు దాటే దాకా అందరికంటే చురుగ్గా పనిచేసేవాళ్ళని తెలుగులో సోమరి అనరు. పరీక్ష చేయించుకుని ఏమైందో ఒక కార్డు ముక్క రాయి. నీ రిపోర్టు కోసం ఎదురుచూస్తూ ఉంటాను.

* * *

ఆ పెద్దనటుడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ బస్టాండు రోజు తర్వాత ఆయన నన్ను వదల్లేదు. అప్పుడప్పుడు మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్ చేసేవారు. "అబ్బాయ్, మెలకువగానే ఉన్నావా? నేను కూడా ఉన్నాను!" అని నవ్వి పెట్టేసేవారు.

పోయిన సంవత్సరం ఆయన నిజంగానే వెళ్ళిపోయారు. ఆ వార్త నేనే రాశాను. ముందురోజు రాత్రి పెందలాడే పడుకుని, పొద్దున పదింటికి కూర్చుని రాశాను. అన్ని పేర్లూ, అన్ని తేదీలూ రెండేసి సార్లు సరిచూశాను. అంతా అయ్యాక ఆయన పేరుముందు ఆ ఒక్క మాట చేర్చాలి. వేళ్ళు కదల్లేదు. చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఇప్పటికీ మధ్యాహ్నం రెండున్నరకి ఫోను మోగితే ఉలిక్కిపడతాను.

ఉంటాను మరి. వచ్చేవారం కలుద్దాం. ఈలోగా ఎవరైనా మ్యాట్నీలో మీ పక్కన నిద్రపోతుంటే లేపకండి పాపం. ఏ బాకీ తీరుస్తున్నాడో!